తాడు పట్టాక వాటా వద్దనకూడదు

రైల్లోనే మొదలైంది

విశాఖపట్నం వెళ్లొచ్చి నెల దాటింది. ఇంకా మా వీధిలో ఎవరు పలకరించినా సముద్రం సంగతే చెబుతున్నానని మా ఆయన సతాయిస్తున్నాడు. చెప్పక ఏం చేస్తాను? నలభై ఏళ్లు నంద్యాలలో గడిపినదాన్ని. నాకు తెలిసిన పెద్ద నీళ్లంటే కుందూ నది, అదీ వానలు పడితేనే. పోనీ ఒక్క సముద్రమే చూసి వచ్చానా అంటే అదీ కాదు. చేపల వల లాగాను, చివాట్లు తిన్నాను, దేశం తరఫున ఆడాల్సిన అమ్మాయి చేతిలో చిత్తుగా ఓడిపోయాను. వెళ్లనివాళ్ల కోసం అంతా వరుసగా రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రాలు బడి వరండాలో పిల్లలకు చదరంగం నేర్పుతాను. వేసవిలో ఊళ్లో జరిగే చదరంగం శిబిరం కూడా నా చేతుల మీదుగానే నడుస్తుంది. దేనికీ పైసా తీసుకోను. నిర్వాహకులు మాటవరసకు అడిగితే "అయ్యో, డబ్బులెందుకండీ" అంటాను. ఆ మాట అనడమంటే నాకు మహా ఇష్టం.

ఇలాంటిదాన్ని గనుకనే మూర్తిగారు నాకు ఫోన్ చేశారు. ఆయనది అమలాపురం. విశాఖ పోర్టులో ఉద్యోగం, మల్కాపురంలో ఇల్లు, మిగతా జీవితమంతా చదరంగం. పిల్లల్ని పోటీలకు తిప్పుతూ తిప్పుతూ మేం స్నేహితులమయ్యాం. చేపలు పట్టే ఇంట్లో పుట్టిన నూకరత్నం అనే అమ్మాయికి ఆయన చిన్నప్పటి నుంచి ఆట నేర్పారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఆడవాళ్ల జాతీయ జట్టుకు ఎంపికైంది. అదీ మొదటి బోర్డుకు. అంటే ప్రతి దేశపు మొనగత్తెతోనూ తనే తలపడాలి.

"వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తోందండి" అన్నారు మూర్తిగారు. "టిక్కెట్టు, తిండి, ఓ కోటు ఇస్తారండి. ఆడినందుకు మాత్రం ఏమీ ఇవ్వరండి. సరిగ్గా ఆ రోజుల్లోనే విదేశీ క్లబ్బొకటి డబ్బిచ్చి ఆడమంటోంది. మా రత్నానికి ఉద్యోగం లేదు కదండీ, ఏడాదంతా ఆ డబ్బు మీదే నడుస్తాది. నా మాట వినట్లేదు. మీరు ఆడమనిషి, పైగా టీచరు. మీరు చెబితే వింటాదండి. ఆదివారంలోగా జవాబు చెప్పేయాలి."

నాకు ఒళ్లు మండింది. దేశం రమ్మంటే డబ్బెంత అని అడుగుతారా? రెండో శనివారం కలిసొచ్చేలా సెలవు పెట్టి, ఒక సంచీలో చీరలు, ఒక సంచీలో జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి సర్దుకుని బయల్దేరాను.

రైల్లో గుంటూరు దాటేలోపు పెట్టెలో అందరికీ ఈ సంగతి తెలిసిపోయింది. మరి ఎవరు చెప్పారంటే నేనే. ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి "దేశానికి ఆడటమే పుణ్యమమ్మా" అన్నాడు. వెంటనే ఆయనకు రెండు రొట్టెలు పెట్టాను. పక్కన నేవీలో పనిచేసే కుర్రాడొకడు సెలవు అయిపోయి విశాఖకు పోతున్నాడు. అంతా విని నవ్వాడు.

"నేనూ దేశానికే పనిచేస్తున్నానమ్మా. ఒకటో తారీఖున జీతం కూడా వస్తుంది."

అతనికి మాత్రం రొట్టె పెట్టలేదు.

మల్కాపురం

మూర్తిగారిల్లు చేరగానే ముందు వాసన పలకరించింది. పక్కనే నూనె శుద్ధి చేసే కర్మాగారం. దాని పొడుగాటి గొట్టం కొసన పట్టపగలు కూడా మంట ఎగురుతుంటుంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మూర్తిగారి భార్య వరలక్ష్మిగారు "అది ఆరితేనే మాకు కంగారండి, వెలుగుతుంటే అంతా క్షేమమే" అన్నారు. కిటికీ ఊచల మీద ఎర్రటి ధూళి. ఓడల్లోకి ఎక్కించే ఇనప రాయి తాలూకు పొడట. ఆవిడ పొద్దునా సాయంత్రం తుడుస్తారు, అది పొద్దునా సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. ఎక్కడినుంచో ఓడ కూత వినిపిస్తే మూర్తిగారు చేతి గడియారం సరిచూసుకుంటారు. ఎందుకో అడిగితే అలవాటన్నారు.

భోజనంలో పులుసు నోట్లో పెట్టుకుని పాయసమేమో అనుకున్నాను. అంత బెల్లం. నా మొహం చూసి వరలక్ష్మిగారు నవ్వాపుకుంటూ ఆవకాయ జాడీ నా కంచం పక్కకు జరిపారు. అందులోని కారం మా ఊరి పసిపిల్లలు తినేంత. కానీ పనసపొట్టు కూర ఉంది చూడండి, ఆవ పెట్టి చేసింది! దానికోసం మాత్రం మళ్లీ ఆ ఊరు పోవచ్చు. మూడుసార్లు వడ్డించుకున్నాను.

సాయంత్రం సిటీ బస్సులో బీచికి తీసుకెళ్లారు. దిగగానే ఎదురుగా సముద్రం. ఎలా ఉందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. గట్టిగా అరిచానని మాత్రం మూర్తిగారు తర్వాత చెప్పారు. చెప్పులతోనే నీళ్లలోకి పరిగెత్తాను. ఒక అల వచ్చి ఎడమ చెప్పు పట్టుకుపోయింది. నేను అక్కడే నిలబడి పకపకా నవ్వుతున్నాను. మురీ మిక్చర్ అమ్మేవాడు నన్ను చూసి "గాబరా పడకండమ్మా, రేపొచ్చి సూడండి, ఒడ్డుకి ఇసిరీత్తాది" అన్నాడు. మేం బొరుగులనేవాటిని వీళ్లు మురీలంటారు. ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన శనగలు కలిపి కాగితం పొట్లంలో మూడు రూపాయలు. మా ఊళ్లో రూపాయిన్నరకు ఇంతకంటే ఎక్కువే ఇస్తారు గానీ పక్కన సముద్రం ఉండదు. కుడికాలి చెప్పు చేతిలో పట్టుకుని ఇల్లు చేరాను.

ఆటోనగర్‌లో ఇనప పావులు

మర్నాడు శుక్రవారం. కొత్త చెప్పులు కొనుక్కుని గాజువాక పక్కనున్న ఆటోనగర్‌కు వెళ్లాం. అంతా షెడ్లు, సుత్తుల మోత, వెల్డింగు మెరుపులు. ఇక్కడ చదరంగమేమిటని అనుమానపడుతుండగానే మూర్తిగారు ఒక లేతు మిషను షెడ్డులోకి నడిపించారు. దాని యజమాని పైడిరాజు, మూర్తిగారిని వరస కలిపి బావా అంటాడు. పని అయ్యాక మిషను ఆపి, దాని పక్కనే బల్ల వేసి ఆడిస్తాడు. పావులన్నీ తుక్కు ఇనుముతో తానే కోసి నునుపు చేసినవి. రాజు బరువు అరకిలో పైమాటే. ముచ్చటపడి మంత్రిని చేతిలోకి తీసుకున్నాను. నా కొత్త చెప్పు మీద, అంటే నా బొటనవేలు మీద పడింది.

"ఓలమ్మో! మంత్రిని పోగొట్టుకున్నారు, ఆట మొదలవ్వకుండానే!" అని ఒకమ్మాయి పరుగున వచ్చి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. తనే నూకరత్నం. ఇరవై నాలుగేళ్లుంటాయి. నూనె రాసి బిగించిన జడ, ముంజేతుల దాకా మడిచిన చుడీదారు చేతులు. మాట ఎంత వేగమంటే సగం నాకు అందలేదు.

వేలు నొప్పి తగ్గేలోపు నాతో ఒక ఆట ఆడింది. మా బడిలో నన్నెవరూ ఓడించలేరు. ఇక్కడ టీ చల్లారకముందే నాకు ఆట కట్టయింది. ఓడిపోయి అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి. నా ఏనుగును తినకుండా వదిలేసిందేమిటా అనుకున్నాను, నాలుగెత్తుల తర్వాత తెలిసింది నా రాజుకు ఆ ఏనుగే అడ్డమని. ఇలాంటి పిల్ల జట్టులో లేకుండా ఎట్లా? నేను ఆగలేకపోయాను.

"ఏమ్మా రత్నం, దేశం పిలిస్తే ఆలోచిస్తారా? నేను ఇంత దూరం వచ్చిందే ఆ మాట చెప్పాలని."

రత్నం తల వంచుకుంది. జవాబు పైడిరాజు ఇచ్చాడు.

"అమ్మా, మీరు పెద్దోరు, ఓ మాటడుగుతాను. ఆ ఎదర స్టీలు ప్లాంటులో సేత్తన్న ఇనుము దేశానికే గదా. జీతం ఒద్దంటన్నారేటి ఎవులైనా?"

"అది ఉద్యోగం పైడిరాజూ" అన్నారు మూర్తిగారు. "జట్టంటే గౌరవమయ్యా."

"గౌరవం మంచిదే బావా. మరి కూడా ఎల్లే మేనేజర్లకి రోజువారీ బత్తా ఉంతాదంట గదా. ఆల్లకి గౌరవం సాల్లేదేటి?"

అందరూ నవ్వారు. మూర్తిగారు నవ్వలేదు. ఆయన ఎందుకు అంత పట్టుగా ఉన్నారో నాకు అప్పటికి అర్థమైంది. ఆయన శిష్యురాలు దేశం జెండా ముందు కూర్చోవడం కోసం ఆయన ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారు.

రత్నం నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నాకు ఎల్లాలనే ఉంది. ఎంత ఉందంటే, కళ్లు మూస్తే ఆ బల్లే కనపడతాది. గానీ ఆ క్లబ్బోలు ఈసారి రానంటే మరి పిలవరు. ఆల్ల డబ్బుల్లోనే నా ప్రయాణాలు, పుస్తకాలు, ఇంట్లో బియ్యం. అదొక్కటే అయితే ఎలాగో సర్దుకుందును. ఇంకోటి ఉంది. సెప్తే మీకు తెలవదు." నవ్వింది. "రేపు తెల్లారి మా పేటకి రండి. పెద్ద వల ఏత్తారు. సముద్రం సరిగ్గా సూద్దురు గాని."

ఒడ్డున పోగులు

శనివారం తెల్లారేసరికి మూర్తిగారితో ఆ పేటకు చేరాను. అది నగరాన్ని ఆనుకునే ఉంది. పక్కా ఇళ్లు, గోడల మీద ఆరేసిన వలలు, గుమ్మాల ముందు ముగ్గులు. రత్నం తల్లి ఎల్లమ్మ నన్ను చూడగానే చేతిలో గ్లాసు పెట్టింది. చోడి అంబలి, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప. చోళ్లంటే మా రాగులే. మేం ముద్ద చేసి మింగేదాన్ని వీళ్లు తాగుతారు. రెండు గ్లాసులు తాగాను. ఎల్లమ్మ మురిసిపోయింది.

పెద్ద వలంటే పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు మీదనుంచి లాగే వల. ఒక్కో తాడుకూ ఓ వరస మనుషులు. వేటకు వెళ్లే వయసు దాటిన ముసలివాళ్లు, భర్తలు పోయిన ఆడవాళ్లు తాడు చివర ఉంటారు. అందరూ ఒక పాట మీద వెనక్కి అడుగేస్తారు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. కొంగు దోపుకుని తాడు పట్టేసుకున్నాను.

ఎవరో "ఓలమ్మో, టీచరమ్మ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ లాగాను. అరచేతులు మండుతున్నాయి, కాళ్లు ఇసుకలో దిగబడుతున్నాయి, నోటినిండా ఉప్పు. వల ఒడ్డుకొచ్చి అందులో వెండి రంగు చేపలు ఎగిరెగిరి పడుతుంటే నాకు పదేళ్ల పిల్లలా గంతులేయాలనిపించింది. నిజం చెప్పొద్దూ, వేశాను.

తర్వాత పంపకం. వల సొంతదారైన ఆసామికీ, పడవకీ, వలకీ చెందే వాటా ముందు పక్కన పెట్టి, మిగిలినదాన్ని తాడు పట్టినవాళ్ల లెక్కన పోగులు పెట్టారు. ఇక్కడ ఒక పద్ధతుంది. ఒక ముసలాయన పోగుల వైపు వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. వెనక ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవులిది?" అని అడుగుతారు. ఆయన చూడకుండానే ఒక పేరు చెబుతాడు. పెద్ద పోగైనా చిన్న పోగైనా ఎవరి పేరొస్తే వారిది. ఎవరూ ఎవరినీ అనడానికి లేదు. మా ఊళ్లో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు ఈ పద్ధతి ఉంటే సగం కోర్టులు మూతపడేవి.

"ఇది ఎవులిది?"

"టీచరమ్మది."

నేను ఉలిక్కిపడ్డాను. నెత్తళ్లనే వేలెడంత చేపలు ఒక పోగు, పైన రెండు పెద్ద చేపలు. నాకా? మనసు ఉప్పొంగింది. చేతులు జోడించి, నిండుగా నవ్వి, అలవాటైన మాటే అన్నాను.

"అయ్యో, నాకెందుకమ్మా! నేను సరదాకి లాగాను. మీరే ఉంచుకోండి."

మెచ్చుకుంటారనుకున్నాను. ముసలాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఎవరూ తమ పోగులు ఎత్తుకోవడం లేదు. గంపలు పట్టుకుని బజారుకు వెళ్లాల్సిన ఆడవాళ్లు నిలబడిపోయారు. ఎండెక్కుతోంది. నేనేం తప్పు చేశానో తెలియక అలాగే నవ్వు మొహంతో నిలబడ్డాను.

ఎల్లమ్మ విసవిసా వచ్చింది. ఇందాక అంబలి పోసిన మనిషేనా అనిపించింది.

"తీస్కో తల్లీ. ఒక్క పోగు మిగిల్తే పంపకం అవ్వనట్టే. నువ్వు తీసీదాకా ఎవులూ తియ్యరు."

"అంటే... నేను మీకు మంచి చేద్దామనే..."

"ఏటి మంచి? నాలుగేళ్ల కిందట పట్నం కుర్రోలు రోజూ వొచ్చి సరదాకి తాడు లాగీవోరు. వాటా ఒద్దనీవోరు. మాకూ బానే ఉండీది. తర్వాత ఆసామి ఏటన్నాడో తెల్సా? ఊరికే లాగీ బలవోంతులు ఉంటే, తాడు సివర ముసిలోలకీ ముండమోపులకీ వాటా ఎందుకన్నాడు. ఆ ఏడు మా అత్త పస్తులున్నాది. అప్పుడు పేటంతా కూకొని మాటనుకున్నాం. తాడు పడితే వాటా తీస్కోవాల. వాటా ఒద్దనుకుంటే తాడు ముట్టుకోకూడదు."

నా మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలీదు. వంగి చేపలు కొంగులోకి ఎత్తుకున్నాను. చీర తడిసింది, జారిపోతున్నాయి, ఒకటి నా కాళ్ల మీదనుంచి ఎగిరిపడింది. ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, ఒడ్డంతా మళ్లీ కదిలింది. గంపలు లేచాయి. ఎల్లమ్మ తన గంప ఖాళీ చేసి నా చేపలు అందులో వేసింది. "బాధపడకు, తెలీక సేసినావు" అంది.

పడవ నీడన కూర్చున్నాక రత్నం నెమ్మదిగా అంది.

"నిన్న మీకు సెప్పలేనన్నది ఇదే టీచరమ్మా. మా జట్టులో నలుగురం. నాకు పేరుంది, ఊరికే ఆడినా ఇంకోకాడ సంపాయించుకుంటాను. నాలుగో అమ్మాయి ట్యూషన్లు సెప్పుకుని బతుకుతాంది. నెల రోజులు ఎల్తే ఆ పిల్లలు ఇంకో టీచరు కాడికి పోతారు. ఆ అమ్మాయి డబ్బులడిగితే, మొదటి బోర్డే ఊరికే ఆడతాంటే నీకేటని అనరా?"

మూర్తిగారు ఊరుకోలేదు. "అంతా డబ్బేనా రత్నం? గంగమ్మ పండగనాడు ఇదే ఒడ్డున అందరూ ఊరికే లాగరా? ఆ రోజు చేపంతా అమ్మవారికే కదా? దేశం కూడా అలాంటిదే అనుకో."

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. రత్నం కూడా తలూపింది.

"నిజమే సార్. అమ్మవారి రోజున నానూ లాగుతాను. ఆ రోజు నాకు వాటా లేదు, మా అమ్మకి లేదు. ఆసామికీ లేదు, పడవకీ లేదు. ఎవులికీ లేదు. ఈ జట్టుకాడ అలాగే సెయ్యమనండి, నాను నడిసి ఎల్తాను."

మూర్తిగారు జేబులోంచి చిల్లర తీసి రత్నం చేతిలో పెట్టి, "ఆ మాటే జట్టు సంగతి చూసే ఆయనకు ఫోన్ చేసి చెప్పెయ్, పద" అన్నారు.

టెలిఫోన్ బూతు

పేట మలుపులో ఎస్టీడీ బూతు. నలుగురం ఇరుక్కున్నాం. ఇద్దరు మనుషుల చోటది, పైగా ఎల్లమ్మ గంపతో వచ్చింది. బూతు యజమాని ముక్కు మూసుకున్నాడు.

జట్టు వ్యవహారాలు చూసే పెద్దమనిషితో రత్నం హిందీలో మాట్లాడింది. మాకు చేసే మాటల ప్రవాహం అక్కడ లేదు. ఆచితూచి, ఎత్తు వెనక ఎత్తు వేసినట్టు మాట్లాడింది. నలుగురికీ సమానంగా ఎంతోకొంత ఇవ్వండి. ఇవ్వలేకపోతే జట్టు వెంట వచ్చే పెద్దలు కూడా బత్తాలు మానుకోవాలి, అందరం ఊరికే వస్తాం. రెండింట్లో ఏదైనా సరే. రేపు మధ్యాహ్నం మూర్తిగారింటికి ఫోన్ చేసి చెబుతానని ఆయన పెట్టేశాడు.

ఆ సాయంత్రం నన్ను కొండ మీది గుడికి, ఓడల లైట్లు చూడటానికి తిప్పారు. నేను ఓడల్ని చూస్తూనే ఉన్నాను గానీ మనసంతా ఆ ఫోను మీదే. వరలక్ష్మిగారు పెట్టిన మాడుగుల హల్వా కూడా రుచి తెలియకుండా మింగేశాను. ఆ హల్వా విషయంలో ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆదివారం పొద్దున్నే రత్నం మూర్తిగారింటికి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం ఫోను మోగింది. మూర్తిగారు, వరలక్ష్మిగారు, నేను ఒక్కసారే లేచాం. రత్నం తీసింది. వింటోంది. మొహం వెలిగింది. మళ్లీ ముడుచుకుంది. రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి మాకు చెప్పింది.

"ఎవులో కంపెనీవోలు డబ్బు పెడతారంట. క్లబ్బు ఇచ్చీ అంతా ఇత్తారంట. గానీ నా ఒక్కదానికే. మిగిలినోలకి తెలవకూడదంట." నా కళ్లలోకి చూసింది. "ఏటి సెయ్యమంటారు టీచరమ్మా?"

మూర్తిగారు కోరుకున్నది జరిగిపోతోంది. అమ్మాయి జట్టులో ఆడుతుంది, ఇంట్లో బియ్యానికీ లోటుండదు. సరే అనేయమని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఊరికే ఆడమని చెప్పడానికి వచ్చినదాన్ని! కానీ ఒడ్డున అందరూ ఆగిపోయి నిలబడ్డ ఆ క్షణం గుర్తొచ్చింది.

"మీ ఒడ్డున ఎవరి పోగైనా చాటుగా పెడతారా రత్నం?" అన్నాను.

రత్నం నవ్వింది. ఎంత హాయిగా నవ్విందో! చెయ్యి తీసి ఫోనులో చెప్పింది. ఆ డబ్బు నాలుగు భాగాలు చేయండి. నలుగురికీ సమానం. నలుగురికీ తెలిసేలా రాసి పంపండి. అప్పుడు వస్తాను.

అవతల ఆయన గట్టిగానే అడిగినట్టున్నాడు, మాకూ వినిపించింది. మరి నీకేం మిగులుతుంది?

"నా వాటా" అంది రత్నం.

వరలక్ష్మిగారు చీర కొంగు నమిలేస్తున్నారు. తర్వాత రత్నం "జీ... జీ సర్" అని ఫోను పెట్టేసి మా వైపు తిరిగింది.

"ఒప్పుకున్నారు. ఎల్తన్నాను సార్!"

మూర్తిగారు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేను కేక పెట్టాను. పక్కింటివాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. ఆ సందడిలో రత్నం మాత్రం కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ క్లబ్బుకు రానని ఉత్తరం రాయాలి. వచ్చే ఏడు వాళ్లు పిలుస్తారో లేదో తెలీదు. పోగొట్టుకున్నదానిలో ఈ వాటా నాలుగో వంతే. అది నాకూ తెలుసు, అందుకే దగ్గరకు వెళ్లి వీపు మీద చెయ్యి వేశాను. "ఎత్తు ఏసీసినాక ఎనక్కి తియ్యకూడదు గదా" అంది, కళ్లు తుడుచుకుంటూ.

స్టేషను

రైలు కదిలే వేళకు ఎల్లమ్మ ప్లాట్‌ఫాం మీద పరుగున వచ్చింది. చేతిలో న్యూస్‌పేపరు పొట్లం.

"నీ వాటా. రెండ్రోజులు ఇసకలో ఎండబెట్టినాను. నెత్తళ్లు. పెద్ద సేపలు ఎండవు, ఆటిని మేం వొండీసుకున్నాం, ఏటీ అనుకోకు."

రైలు కదిలాక ఆ పొట్లం తన ప్రతాపం చూపించింది. అనకాపల్లి వచ్చేసరికి పై బెర్తాయన కిందకు దిగి పక్క పెట్టెలోకి పోయాడు. తుని దగ్గర టిక్కెట్లు చూసేవాడు ఏం తెచ్చావమ్మా అని అడిగాడు.

"వాటా" అన్నాను.

ఇంకేమీ అడగకుండా ముందుకు వెళ్లిపోయాడు.

నంద్యాల

నెత్తళ్లు వేపుడు చేశాను, ఈసారి మా ఊరి కారంతో. మా ఆయన వాసనకు వీధిలోకి పారిపోయి, వేగాక వచ్చి సగం తినేశాడు. రత్నం వచ్చే నెల విమానం ఎక్కుతుంది. నా తరగతి గోడ మీద అప్పుడే పెద్ద బల్ల గీసి పెట్టాను, రోజూ తన ఆట పేపర్లో రాగానే పిల్లలకు వేసి చూపించాలని.

పోయిన వారం వేసవి శిబిరం నిర్వాహకులు వచ్చారు. ఈసారి పిల్లలు ఎక్కువవుతారని నాకు తోడుగా షహనాజ్‌ను కూడా పిలిచారు. నా దగ్గరే ఆట నేర్చుకున్న పిల్ల. డిగ్రీ అయింది, ఉద్యోగం దొరకలేదు, ఇంట్లో మిషను కుడుతోంది. కుర్చీ చివర కూర్చుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది. ఏమీ అడగదు. నా పక్కన కూర్చుని ఏ పిల్లయినా ఎట్లా అడుగుతుంది?

నిర్వాహకుడు ఎప్పటిలాగే నవ్వాడు. "టీచర్‌గారు పైసా తీసుకోరు, అందరికీ తెలిసిందే. ఇక షహనాజ్ కూడా టీచర్‌గారి శిష్యురాలే కదా, ఆ అమ్మాయికి మాత్రం..."

"మా ఇద్దరికీ ఎంతిస్తారు?" అన్నాను.

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఆ రోజు ఒడ్డున నా మొహాన ఉన్నదే.

"అదేమిటి టీచర్, మీరు కూడా అడుగుతున్నారా?"

"ముందు నేనే అడగాలి" అన్నాను. "ఎంతైనా ఫర్వాలేదు. ఇద్దరికీ ఒకటే ఇవ్వండి. ఇక్కడే, అందరి ముందూ చెప్పండి."

షహనాజ్ వేలికి చుట్టుకున్న చున్నీ వదిలేసింది. కుర్చీలో సరిగ్గా జరిగి కూర్చుంది.